జొన్నచేలో రెండో డిస్కు

నాలుగు రోజులు సెలవు పెట్టి నందిగామ, జగ్గయ్యపేట వెళ్లొచ్చానంటే మా కాలేజీలో అందరూ ఒకటే అడిగారు: "అక్కడ చూడటానికి ఏముందండీ?" చూడటానికి కాదు, వినటానికి వెళ్లానని చెబితే ఇంకా తికమకపడ్డారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి రాస్తున్నాను.

నేను విజయనగరంలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. పదిహేనేళ్లుగా రాక్ సంగీతం సీడీలు పోగేస్తున్నాను. చదువుకునే రోజుల్లో కొనాలని ఉండేది, డబ్బుల్లేవు. డబ్బులొచ్చేసరికి సీడీల దుకాణాలే లేవు. ఇప్పుడు జనం వదిలించుకుంటున్నవాటిని అయిదుకీ పదికీ ఏరుకుంటున్నాను. ఫోన్లో అన్నీ ఊరికే వస్తుంటే ఇదేం పిచ్చి అంటారు. సీడీని ప్లేయర్‌లో పెట్టి మూత వేశాక, పాట మొదలయ్యే ముందు, లోపల గిర్రున తిరుగుతున్న చప్పుడు ఒకటి సన్నగా వినిపిస్తుంది. నాకు ఆ చప్పుడు కావాలి. "చెత్తబండి అందరి ఇళ్లకీ వస్తుంది, మా ఆవిడ మాత్రం చెత్తబండి దగ్గరికి వెళ్తుంది" అని మా ఆయన బంధువులందరికీ చెప్పి నవ్విస్తుంటాడు. నేనూ నవ్వేస్తాను. వినేది నేనే కదా.

నందిగామలో ఒక దుకాణంలో సంచులకొద్దీ సీడీలున్నాయని ఎవరో చెప్పగా విని బయల్దేరాను.

నందిగామ: ఎన్నెకరాలు?

ఫిబ్రవరి పొద్దున, బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ తిన్నాను. మా విజయనగరంలో పులుసులో బెల్లం ముక్క పడకపోతే వంట పూర్తయినట్టు కాదు. ఇక్కడ ఇడ్లీ మీద కారప్పొడి, పక్కన అల్లం చట్నీ, కాస్త దూరంగా ఎర్రగా ఇంకేదో. రెండో ముద్దకే కళ్లల్లోంచి నీళ్లు కారాయి. వడ్డించే ఆయన నా మొహం చూసి ఏమీ అడక్కుండా గరిటెడు నెయ్యి పోసి వెళ్లాడు. పరాయి ఊళ్లో ఇంతకన్నా మర్యాద ఏం కావాలి!

దుకాణం చూస్తే సంగీతం జాడే లేదు. ప్లాస్టిక్ తాళ్లు, టార్పాలిన్ పట్టాలు, చేలకి కట్టే వలలు ఉన్నాయి. యజమాని కోటేశ్వరరావుగారు నుదుట బొట్టుతో, తెల్ల చొక్కాతో గల్లాపెట్టె ముందు కూర్చున్నారు. వాళ్ల నాన్నగారి హయాంలో అది సినిమా సీడీలు అద్దెకిచ్చే కొట్టట.

"సీడీలున్నాయని విన్నానండీ" అన్నాను.

"ఉన్నాయమ్మా. జొన్నకా, సజ్జకా?"

నాకు అర్థం కాలేదు.

"ఎన్నెకరాలు వేశారండి?" అని మళ్లీ అడిగారు.

అప్పుడు చెప్పారు. గింజ పట్టే రోజుల్లో పిట్టలు రాకుండా రైతులు చేలల్లో సీడీలు వేలాడదీస్తారట. ఎండకి తళుక్కుమంటుంటే చిలకలు బెదిరి దిగవట. ఆయన తాళ్లతోపాటు సీడీలు కూడా అమ్ముతున్నది అందుకు.

"నాకు చేను లేదండీ. వినటానికి" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి నన్ను ఎగాదిగా చూశారు. "ఇంకా వింటన్నారా?" అన్నారు. ఆ గొంతులో ఎగతాళి లేదు. ఊళ్లోంచి వెళ్లిపోయిన స్నేహితుడి కబురు విన్నట్టుంది. సంచులు తనే లాగి, కింద గోనెపట్టా పరిచి, "తీరుబడిగా ఏరుకోండి. ఏదైనా అయిదే" అన్నారు.

భక్తి పాటలు, పెళ్లి వీడియోలు, కంప్యూటర్ పాఠాలు. వాటి అడుగున దొరికాయి. ఒకటీ రెండూ కాదు, ముప్ఫై ఒకటి. అన్నీ రాక్, అన్నీ డబ్బాలతో సహా. దొంగతనం చేస్తున్నదానిలా అటూ ఇటూ చూశాను. డబ్బా తెరిస్తే లోపలి కాగితం అంచున ఊదారంగు సిరాతో, ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు.

"మూడో పాట పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు వినకూడదు. మార్కులు ఎక్కువ పడుతున్నాయి."

"డ్రమ్ములు అద్భుతం. పక్కింటివాళ్లు ఊరెళ్లిన రోజు వినాలి."

"ఆరో పాట: వాన వెలిశాక చిల్లకల్లు రోడ్డు మీద లారీలు పోతున్నట్టుంటుంది."

లైబ్రరీ పుస్తకాల్లో ఇలా రాసినవాళ్లకి జరిమానా వేసే మనిషిని నేను. ఇక్కడ మాత్రం ఒక్కో అక్షరమూ చదివాను. ఒక డబ్బా జంట డిస్కులది. మొదటిది ఉంది, రెండోదాని చోటు ఖాళీ. ఆ ఖాళీ కింద "రెండో డిస్కు మార్తది" అని ఉంది. డబ్బా వెనక "పి. ప్రకాశరావు, లెక్కల మాస్టారు, జగ్గయ్యపేట" అని కూడా ఉంది.

"క్రిస్మస్‌కి ఇళ్లు కడుక్కున్నాక పేట నుంచి పాతసామాన్ల బండాయన తెచ్చాడండి" అన్నారు కోటేశ్వరరావుగారు. "కొన్ని పోయిన వారం వత్సవాయి సైదమ్మ పట్టుకెళ్లింది, జొన్నచేనుకి. డబ్బాల్లేనివన్నీ ఆమెకే ఇచ్చా."

నిజం చెబుతున్నాను, ఆ పేరు చదివాక కూడా నేను చదవనట్టే ఊరుకున్నాను. సంచీ భుజాన వేసుకుని లాడ్జికి వెళ్లి, మధ్యాహ్నమంతా కిటికీ పక్కన మంచం మీద పడుకుని, వెంట తెచ్చుకున్న చిన్న సీడీ ప్లేయర్‌లో విన్నాను. కర్టెన్ గాలికి పొంగుతోంది, దిగుతోంది. పాట తర్వాత పాట. ప్రతి పాటకీ ముందే ఎవరో పక్కన కూర్చుని "ఇప్పుడు చూడు" అంటున్నట్టుంది. సాయంత్రానికి నాకు ఆ మనిషి నవ్వు కూడా తెలిసిపోయినట్టు అనిపించింది. అదే నా కొంప ముంచింది. అంత తెలిసినవాడి సొమ్ము సంచీలో పెట్టుకుని విజయనగరం బస్సెక్కటం ఎలా?

చిల్లకల్లు: మిరపకాయల మధ్య

మర్నాడు హైవే బస్సెక్కాను. జగ్గయ్యపేటకి చిల్లకల్లులో దిగాలని కండక్టర్ చెప్పాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ ఆరో పాట వింటున్నాను. కిటికీ బయట నిజంగానే లారీలు పోతున్నాయి. వాన లేదు గానీ ఎండమావి నీళ్లలా మెరుస్తోంది. పాటా లారీలూ కలిసిపోయి నేనెక్కడున్నానో మరిచిపోయాను. కండక్టర్ వచ్చి భుజం తట్టేసరికి చిల్లకల్లు దాటిపోయింది.

"ఎన్నిసార్లు అరవాలమ్మా? ఇంకాసేపయితే తెలంగాణాలో దిగేదానివి!"

దిగి, ఎదురుగా వచ్చిన ఆటో ఎక్కాను. వెనక ఎండుమిరపకాయల బస్తాలు, వాటి మధ్య నేను. చిల్లకల్లు మీదుగా పేట దాకా తుమ్ముతూనే ఉన్నాను. ఆటో ఆయన తన మెడలో తువ్వాలు తీసి ఇచ్చాడు. డబ్బులివ్వబోతే "సగమియ్యండి చాలు, సగం దారి తుమ్ములకే పోయింది" అన్నాడు.

పేట: ఒక డబ్బా, ఒక టబ్బు

అక్కడ జగ్గయ్యపేటని ఎవరూ పూర్తిగా పలకరు, పేట అంటారు. లెక్కల మాస్టారి ఇల్లు ఎక్కడని అడిగితే కిళ్లీకొట్టు ఆయన "నాకు లెక్కలు రానిది ఆయన తప్పు కాదమ్మా" అని దారి చూపించాడు.

చర్చి వెనక వీధిలో చిన్న పెంకుటిల్లు. వాకిట్లో ఒక పెద్దావిడ నీలం ప్లాస్టిక్ టబ్బులో బట్టలు జాడిస్తోంది. ఆవిడే మార్తమ్మగారు. నేను సంచీలోంచి ఒక సీడీ తీసి, ఇది మీదేనా అండీ అని అడగ్గానే ఆవిడ చేతిలో తడి దుప్పటి జారిపోయింది. వీధి అరుగు వైపు ఒకసారి చూసి, నా చెయ్యి పట్టుకుని గబగబా పెరట్లోకి తీసుకెళ్లింది.

"మెల్లగా మాట్లాడమ్మా. ఆయన అరుగు మీదున్నారు."

క్రిస్మస్ ముందు వాళ్ల వీధి వీధంతా ఇళ్లకి సున్నాలు వేసుకుంటారు. చెంచాతో సహా ఇంట్లో సామానంతా వాకిట్లోకి వస్తుంది. ఆ రోజు అటక మీంచి దింపిన అట్టపెట్టెలు రెండు ఒక్కలాగే ఉన్నాయట. ఒకదాన్నిండా పాత పరీక్ష పేపర్లు, రెండోదాన్నిండా మాస్టారి సీడీలు. పాతసామాన్లకి టబ్బులిచ్చే బండి వచ్చింది. మాస్టారు చర్చిలో క్రిస్మస్ పాటలు నేర్పిస్తున్నారు. "అదిగో ఆ పెట్టె తీసుకో" అని వేలు చూపించింది ఈవిడ. సాయంత్రం రెండో పెట్టె అటకెక్కించాక, మూత సందులోంచి పరీక్ష పేపర్లు కనిపించాయి.

"జనవరిలో ఆయనకి మోకాలు ఆపరేషనయిందమ్మా. ఈస్టర్‌కల్లా మెట్లెక్కచ్చన్నాడు డాక్టరు. అటకెక్కి చూస్తే ఏం చెప్పాలి? ముప్ఫయ్యేళ్లు పోగేసుకున్నారు. హైదరాబాదు ఫుట్‌పాత్‌ల మీద ఏరుకొచ్చేవారు, టీ కూడా తాగకుండా. నేనెప్పుడూ ఆయనకి అబద్ధం చెప్పలా. ఇప్పుడు రోజూ చెప్పకుండానే చెప్తన్నా." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇచ్చేస్తావా అమ్మా?"

ముప్ఫై ఒకటి. పదిహేనేళ్లలో నాకు దొరికిన మంచి పంట అదే. ఇవ్వబుద్ధి కాలేదు. అలా కక్కుర్తిపడ్డందుకు సిగ్గూ వేసింది. చివరికి "ఇస్తానండీ" అన్నాను. ఆవిడ నా బుగ్గలు రెండు చేతులతో పట్టుకుంది. సబ్బు వాసన.

భోజనం చేసి వెళ్లాల్సిందేనని ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. నేను అరుగు మీదికి వచ్చాను. మాస్టారు పడక్కుర్చీలో కాలు చాపుకుని ఉన్నారు. తెల్లజుట్టు, సన్నటి మనిషి. ఎవరో కొత్తమ్మాయి వచ్చిందన్నట్టు నవ్వి, నా సంచీ వైపు చూశారు. పైన ఉన్న డబ్బా అంచున ఊదారంగు సిరా కనిపిస్తూనే ఉంది.

"నందిగామలో దొరికినయ్యా? బండాయన సరుకంతా అక్కడికేగా పోయేది" అన్నారు, గొంతు బాగా తగ్గించి.

నేను సంచీ మూతి మూయబోయాను.

"కంగారు పడకమ్మా. క్రిస్మస్ నాడే తెలుసు నాకు. ఇంట్లో ఒక డబ్బా తగ్గింది, ఒక టబ్బు పెరిగింది. లెక్కల మాస్టార్ని, ఆ మాత్రం తీసివేత రాదా?" నవ్వారు. ఆ నవ్వు నేను లాడ్జిలో ఊహించుకున్నదే. "ఆవిడకి మాత్రం నాకు తెలుసని చెప్పబాక. నేను పొరపాటున అటక వంక చూసినా చాలు, కూర మాడబెడతంది."

పాటల సంగతి ఆయనకి అంత బాధ లేదట. "చెవిలో పైస్వరాలు పోయినయ్. నేను వినాల్సింది వినేశా. నువ్వింకా వినాలి, నువ్వే ఉంచుకో. ఒక్కటే కావాలి. జంట డబ్బాలో రెండోది. పెళ్లయిన కొత్తలో వేదాద్రి రేవుకి స్కూటర్ మీద పోయేవాళ్లం. మెట్ల మీద కూర్చుని, ఒక ఇయర్‌ఫోను ఆవిడకి, ఒకటి నాకు. ఎదురుగా కృష్ణ. ఆవిడకి ఇంగ్లీషు ముక్క రాదు. అయినా అందులో నాలుగో పాట ఇప్పటికీ అంట్లు తోముకుంటా కూనిరాగం తీస్తది. తీస్తన్నట్టు ఆవిడకే తెలీదు. క్రిస్మస్ నుంచి తియ్యట్లా."

అప్పుడు నాకు అర్థమైంది ఆయన వెతుకుతున్నది ఏమిటో. అది ఒక్కటీ చేతికొస్తే, మిగతావి అటక మీదే ఉన్నాయని ఆయన అనుకుంటున్నట్టే ఉండిపోవచ్చు. ఆవిడ భయం తీరిపోతుంది. డబ్బా లేని డిస్కు కాబట్టి అది సైదమ్మ చేలోనే ఉండాలి.

గోంగూర పప్పు, చేపల పులుసు, పచ్చిమిరపకాయ పచ్చడి. ఏడుస్తూ తిన్నాను, కారానికే అనుకుంటాను. ఒకరికి తెలియకుండా ఇంకొకరికి మాటిచ్చిన మనిషి కుదురుగా భోజనం చేయటం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. రేపొచ్చి అన్నీ ఇస్తానని మార్తమ్మగారి చెవిలో చెప్పి, ఆ రాత్రికి పేటలోనే లాడ్జిలో ఉండిపోయాను.

వత్సవాయి: చేలో ఎండ

మూడో రోజు పొద్దున్నే వత్సవాయి బస్సెక్కాను. పత్తి తీతలు అయిపోయి మోళ్లు మిగిలాయి. ఎక్కడ చూసినా కళ్లాల్లో మిరపకాయలు ఎండుతూ నేలంతా ఎర్రగా ఉంది. సైదమ్మ చేను ఎక్కడని అడిగితే, "పో, మెరుస్తా ఉంటది" అంది ఒక కూలి ఆవిడ.

మెరుస్తూనే ఉంది. ఎకరన్నర జొన్న, మనిషెత్తు. చేను అడ్డంగా వరసలు వరసలుగా తాళ్లు, తాళ్లకి వందలకొద్దీ సీడీలు. గాలి వచ్చినప్పుడల్లా అన్నీ ఒకేసారి తిరుగుతున్నాయి. కంకుల మీద, నా చీర మీద, సైదమ్మ మొహం మీద ఇంద్రధనస్సు ముక్కలు పాకిపోతున్నాయి. ఎవరి పెళ్లో, ఎవరి పాఠాలో, ఏ ఊరి గిటారో, ఏ దేవుడి సుప్రభాతమో, అన్నీ చప్పుడు లేకుండా వెలుగు చిమ్ముతున్నాయి. ప్లేయర్ మూత వేశాక పాట మొదలయ్యే ముందు ఒక క్షణం ఉంటుందన్నానే, ఆ చేనంతా ఆ క్షణంలోనే ఆగిపోయి ఉంది. ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు.

"ఏందమ్మా, పిట్టలాగ నువ్వు గూడ బెదిరినవా?" సైదమ్మ మంచె మీంచి దిగుతూ అడిగింది. యాభై ఏళ్లుంటాయి. తెలంగాణ పక్కనే కాబట్టి మాటలో ఆ యాస తగులుతోంది. "నా చిన్నప్పుడు పొద్దుగాల నుంచి మంచె మీద కూసుని అరిచీ అరిచీ గొంతు పోయేది. ఇప్పుడు ఇవి చూసుకుంటన్నయ్. మంచిగుంది."

సంగతంతా చెప్పాను. ఆమె దవడకి చెయ్యి ఆనించి విన్నది. "మాస్టారిదా? మా తమ్ముడు ఆయన దగ్గర్నే చదివిండు. తీసుకో. గానీ ఒకటి తీస్తే ఒకటి కట్టాలె. గింజ పాలు పోసుకుంటంది. ఒక్క సందు దొరికితే చిలకలు ఊకుంటయ్యా?"

ఆమె అడిగింది న్యాయమే. వరసల మధ్య దూరి వెతికాను. జొన్న ఆకులు చేతులు కోశాయి. ఏడో వరసలో దొరికింది. ఊదా సిరాతో "2", పక్కన చిన్న అక్షరాల్లో "మార్త". వారం రోజుల గాలికి పక్క డిస్కులు తగిలి గీతలు పడ్డాయి.

బదులివ్వటానికి సంచీలో ముప్ఫై ఒకటి ఉన్నాయి గానీ వాటిని మార్తమ్మగారికి మాటిచ్చాను. దారిలో వినటానికి ఇంటి నుంచి తెచ్చుకున్నవి అయిదు విడిగా ఉన్నాయి. బాగా అరిగినదొకటి తీసి ఇచ్చాను. సైదమ్మ దాన్ని ఎండకి ఎత్తిపట్టి, కళ్లు చికిలించి చూసి, తిరిగిచ్చేసింది.

"ఇది మబ్బుగున్నది. దీనికి పిచ్చుక గూడ లెక్కచేయదు."

రెండోదీ అంతే. మూడోదీ. అయిదోదాన్ని ఎండకి పెట్టగానే తళుక్కుమని ఆమె కళ్లు మూసుకుంది. "ఇదీ! ఇది పనికొస్తది."

అది నేను మొట్టమొదట కొన్న సీడీ. పదిహేనేళ్లుగా ఒక్క గీత పడకుండా మెత్తటి గుడ్డలో చుట్టి దాచుకున్నాను. అందుకే అంత మెరుస్తోంది. చీర చెంగుతో ఒకసారి తుడిచి ఇచ్చాను. ఏడుపొచ్చింది. ఆమె దాన్ని కట్టింది. గాలికి అటు తిరిగి, ఇటు తిరిగి, చేను చివరిదాకా ఒక వెలుగు విసిరింది. అంత దూరం అది ఎప్పుడూ వినిపించలేదు. ముడి విడిపోకపోతే మాస్టారి డిస్కుకున్న తాడుని పళ్లతో కొరికి తెంపుకున్నాను. తెగిన ముక్కతో సహా ఖాళీ చోట్లో పెట్టి డబ్బా మూశాను. మధ్యాహ్నం బస్సుకి ఆలస్యమవుతోంది.

మళ్లీ పేట

పెరటి దారిన వెళ్లి డబ్బా మార్తమ్మగారి చేతిలో పెట్టాను. ఆవిడ రెండో డిస్కు మీద తన పేరు చూసుకుని, ఆ అక్షరాల మీద బొటనవేలు రాసింది. తర్వాత డబ్బా పట్టుకుని, నన్నూ వెంటబెట్టుకుని అరుగు మీదికి వెళ్లి, గొంతు సవరించుకుని అంది:

"ఇదిగోనండి. మీరు ఎప్పట్నుంచో వినాలనుకుంటన్నారుగా."

మాస్టారు డబ్బా తెరిచారు. లోపల్నుంచి జానెడు పురికొస, దాంతోపాటు రెండు పచ్చి జొన్న గింజలు ఆయన ఒళ్లో పడ్డాయి. మార్తమ్మగారు అప్పటికే లోపలి బల్ల మీదున్న పాత ప్లేయర్ మీద గుడ్డ తీస్తూ, మా వైపు వీపు పెట్టి ఉన్నారు. మాస్టారు ఆ తాడునీ గింజల్నీ గుప్పిట్లోకి తీసుకుని గుప్పిట మూశారు.

"ఎక్కడ దొరికింది మార్తా?"

"అటక మీదేనండి. ఎక్కడికి పోద్ది?"

"అదే అనుకున్నా. మిగతావి అక్కడే ఉండనీలే. నాకిది చాలు."

ఆవిడ చటుక్కున తిరిగి నా వైపు చూసింది. తర్వాత దగ్గరికి వచ్చి, నా సంచీని కాలితో మెల్లగా నా వైపే నెట్టింది.

డిస్కు గిర్రున తిరిగే చప్పుడు వినిపించింది. మొదటి మూడు పాటలూ బాగానే నడిచాయి. ఎండ అరుగు మీంచి మెట్ల మీదికి దిగింది. నాలుగోది మొదలైంది, సగంలో గీత దగ్గర ఆగి, తడబడి, చప్పుడు పోయింది. ఆ ఖాళీలోంచి, లోపల గోడకి ఆనుకుని నిలబడ్డ మార్తమ్మగారి కూనిరాగం వినిపించింది. మాటల్లేకుండా, ఒక్క స్వరం తప్పకుండా, డిస్కు మళ్లీ అందుకునేదాకా.

మాస్టారు కళ్లు మూసుకుని వింటున్నారు. గుప్పిట మాత్రం విప్పలేదు.